మధుమేహికి మరొక జబ్బు వచ్చినప్పుడు: శ్రీకాకుళము, విజయనగరము ప్రాంత సంఘాలలో కాపరి బాధ్యత

ఉపోద్ఘాతము

షుగరు ఉన్నదని తెలిసిన విశ్వాసి మామూలు రోజులలో ఎలాగో నెట్టుకువస్తాడు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, టీలో పంచదార తగ్గించడము, అప్పుడప్పుడు రక్తపరీక్ష. కొంతకాలానికి ఇదంతా అలవాటైపోతుంది. అయితే అదే వ్యక్తికి జ్వరమో, విరేచనాలో, కాలి పుండో వచ్చిందంటే ఆ అలవాటు తలక్రిందులవుతుంది. అన్నము సహించదు. మాత్ర వేసుకోవాలో మానాలో తెలియదు. ఇంట్లోవారు తలా ఒక మాట చెబుతారు. అటువంటి ఇంటికి డాక్టరుకంటె ముందుగా వెళ్ళేది చాలాసార్లు సంఘకాపరే. "అయ్యగారూ, రెండు రోజులనుంచి ఏమీ తినలేదండి, అందుకని షుగరు మందు కూడా ఆపేశాము, ప్రార్థన చెయ్యండి" అనే మాట మన సంఘాలలో కొత్తది కాదు. ఆ మాటకు కాపరి ఇచ్చే జవాబు మీద ఒక్కొక్కసారి ప్రాణమే ఆధారపడి ఉంటుంది.

భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన ఇండియాబ్ అధ్యయనము 2023లో వెలువడింది. దాని అంచనా ప్రకారము దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహము ఉన్నది. మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని అంచున ఉన్నారు. వీరిలో అత్యధికులది రెండవ రకము, అనగా టైప్ 2 మధుమేహము. కనుక ఇది ప్రతి సంఘములోను ఉన్న సమస్యయే.

ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఒక్కటే. మధుమేహి జబ్బుపడబోయే రోజు కోసము ఆరోగ్యముగా ఉన్న రోజునే సిద్ధపడాలి. ఆ సిద్ధపాటు శరీరానికీ మనస్సుకూ కూడా అవసరము. అందులో కాపరికి ఒక పాత్ర ఉన్నది, ఆ పాత్రకు ఒక హద్దు కూడా ఉన్నది.

1. జబ్బు దినాలలో శరీరములో ఏమి జరుగుతుంది?

"ఏమీ తినలేదు, ఇక షుగరు ఎక్కడనుంచి పెరుగుతుంది?" అని సామాన్యముగా అనుకుంటారు. ఇది పొరపాటు. జ్వరము, ఇన్‌ఫెక్షను, గాయము, ఆపరేషను వంటివి వచ్చినప్పుడు శరీరము ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ అనే హార్మోనులను ఎక్కువగా విడుదల చేస్తుంది. అవి కాలేయములో నిలువ ఉన్న గ్లూకోజును రక్తములోనికి పంపుతాయి. ఇన్సులిన్ పనిని అడ్డగిస్తాయి. అందువలన ఒక్క ముద్ద తినకపోయినా షుగరు పెరగవచ్చు.

షుగరు పెరిగితే మూత్రము ఎక్కువవుతుంది. మూత్రము ఎక్కువైతే ఒంట్లో నీరు తగ్గుతుంది. నీరు తగ్గితే రక్తములో షుగరు ఇంకా చిక్కబడుతుంది. వాంతులు, విరేచనాలు తోడైతే ఈ చక్రము మరింత వేగముగా తిరుగుతుంది. వృద్ధులలో షుగరు 600 దాటి మగత, మతిభ్రమ, స్పృహ తప్పడము వరకు పోవచ్చు. ఇంట్లోవారు దానిని "జ్వరము నీరసము" అనుకొని పడుకోబెడతారు. అక్కడే ఆలస్యమవుతుంది.

షుగరు అదుపులో లేనివారికి ఇన్‌ఫెక్షనులు సులభముగా వస్తాయి, త్వరగా తగ్గవు. క్షయవ్యాధి సోకే అవకాశము మధుమేహులకు ఇతరులకంటె రెండు మూడు రెట్లు ఎక్కువ. 2021లో కోవిడ్ రెండవ ఉధృతిలో బ్లాక్ ఫంగస్ బారిన పడినవారిలో చాలామంది మధుమేహులే. కోవిడ్ చికిత్సకు వాడిన స్టెరాయిడ్ మందులు కూడా షుగరును పెంచాయి. అనగా షుగరు జబ్బును ముదిరిస్తుంది, జబ్బు షుగరును ముదిరిస్తుంది. ఈ రెండింటినీ కలిపి చూడాలి.

2. ముందుగా వ్రాసిపెట్టుకొనవలసిన క్రమము

జబ్బుపడిన రోజున పాటించవలసిన క్రమమును డాక్టరును అడిగి, ఒక కాగితము మీద వ్రాయించి, మందుల పెట్టెలో ఉంచుకొనడము మంచిది. దానిలో ముఖ్యముగా ఈ క్రింది అంశాలు ఉండాలి.

మొదటిది మందుల సంగతి. అన్ని షుగరు మందులకు ఒకే నియమము లేదు. ఇన్సులిన్ వాడేవారు ఆహారము తినలేదని దానిని సొంతముగా పూర్తిగా మానరాదు. మోతాదు మాత్రము డాక్టరు మార్చవచ్చు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకొని ఆహారము తినకపోతే షుగరు ప్రమాదకరముగా పడిపోవచ్చు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్‌ను, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను కొద్ది రోజులు ఆపమని డాక్టర్లు చెబుతారు. కొన్ని బి.పి. మందుల విషయము కూడా ఇంతే. కనుక "అన్నీ ఆపండి" అనే సలహా ఎంత తప్పో, "ఏదీ ఆపవద్దు" అనే సలహా కూడా అంతే తప్పు. ఏ మాత్ర ఏ పరిస్థితిలో ఆపాలో ముందే వ్రాయించుకొనాలి.

రెండవది పరీక్ష. జబ్బు దినాలలో గ్లూకోమీటరుతో సుమారు నాలుగు గంటలకొకసారి చూసుకొనడము అవసరము. 70కి తగ్గినా, 300 దాటి దిగిరాకపోయినా డాక్టరుకు తెలియజేయాలి.

మూడవది ఆహారము, నీరు. అన్నము సహించనప్పుడు పలుచని గంజి, చోడి అంబలి, మజ్జిగ కొద్దికొద్దిగా తీసుకొనవచ్చు. విరేచనాలైనప్పుడు "ఓ.ఆర్.ఎస్.లో పంచదార ఉన్నది" అని కొందరు భయపడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారము లీటరు ద్రావణములో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. ఒంట్లో నీరు ఎండిపోయే ప్రమాదము దానికంటె పెద్దది. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రము ఎంత నీరు త్రాగాలో డాక్టరును అడగాలి.

నాలుగవది ఆసుపత్రికి వెళ్ళవలసిన గుర్తులు. త్రాగిన నీరు కూడా నిలువకుండా వాంతులు అవుతుండడము, వేగముగా ఊపిరి తీయడము, కడుపునొప్పి, మగత, తడబడే మాట, కాలి పుండు నల్లబడడము, ఛాతీలో బరువు. మధుమేహులకు గుండెపోటు ఒక్కొక్కసారి నొప్పి లేకుండా, చెమటలతోను ఆయాసముతోను రావచ్చు. ఇటువంటి గుర్తులు కనబడితే 108కి ఫోను చేసిన తరువాతనే ప్రార్థన చేయాలి, లేదా ఫోను చేస్తూనే ప్రార్థన చేయాలి.

మరొక మాట. మన పల్లెలలో నీరసముగా ఉంటే వెంటనే "ఒక సెలైను పెట్టించండి" అంటారు. ఆ సీసాలలో కొన్నింటిలో గ్లూకోజు ఉంటుంది. ఇంజక్షనులలో కొన్ని స్టెరాయిడ్లు ఉండవచ్చు. వైద్యము చేసేవారు ఎవరైనా సరే, "నాకు షుగరు ఉన్నది, ఈ మందులు వాడుతున్నాను" అని మొదటనే చెప్పడము రోగి హక్కు, బాధ్యత కూడాను.

3. ఈ ప్రాంతములో ప్రత్యేకముగా గమనించవలసినవి

శ్రీకాకుళము జిల్లాలో ఉద్దానము పేరు వినగానే మూత్రపిండాల జబ్బు గుర్తుకు వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు తదితర మండలాలలో ఎంతోమంది ఈ వ్యాధికి గురయ్యారు. అక్కడి రోగులలో చాలామందికి షుగరుగాని బి.పి.గాని కారణముగా కనబడకపోవడమే ఆ వ్యాధి ప్రత్యేకత. పలాసలో మూత్రపిండాల పరిశోధనా కేంద్రము, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలము జలాశయమునుంచి ఉద్దానము గ్రామాలకు త్రాగునీరు తెచ్చే పథకము కూడా ప్రారంభమైంది.

ఉద్దానములో నివసించే మధుమేహికి మూత్రపిండాల వైపునుంచి రెండు ప్రమాదాలు ఉన్నాయి: ఒకటి షుగరు, రెండవది ఆ ప్రాంతపు వ్యాధి. కనుక అక్కడివారు ఏడాదికొకసారి క్రియాటినిన్ పరీక్ష, మూత్రములో ఆల్బుమిన్ పరీక్ష తప్పక చేయించుకొనాలి. ఒళ్ళునొప్పులకు అంగడిలో దొరికే నొప్పి మాత్రలు ఇష్టము వచ్చినట్లు వాడరాదు. మూత్రపిండాల పని బాగా తగ్గినవారికి మెట్‌ఫార్మిన్ పనికిరాదు. ఇంకొక సంగతి. కొబ్బరితోటల నాడు గనుక జబ్బుపడినవారికి కొబ్బరినీళ్ళు ఇవ్వడము ఇక్కడ ఆప్యాయత. కాని కొబ్బరినీళ్ళలో పొటాషియము ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తములో అది పేరుకొంటే గుండె లయ తప్పవచ్చు. పరామర్శకు బొండాలు తీసుకువెళ్ళేముందు ఒక మాట అడగడము మంచిది.

రెండవది తుఫానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్ని కుదిపివేశాయి. కరెంటు లేక, రోడ్లు తెగి, ఫోనులు పనిచేయక గ్రామాలు రోజుల తరబడి అవస్థపడ్డాయి. అటువంటి సమయములో ఇన్సులిన్ వాడేవారి సంగతి ఏమిటి? తెరవని ఇన్సులిన్ సీసాను ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వరాదు. వాడుతున్న సీసా మరీ వేడి లేని చోట సుమారు నాలుగు వారాలు నిలుస్తుంది. కరెంటు లేనప్పుడు సీసాను ప్లాస్టిక్ సంచిలో కట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడన ఉంచితే చల్లగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలకు ముందే రెండు మూడు వారాల మందులు, గ్లూకోమీటరు స్ట్రిప్పులు అదనముగా ఉంచుకొనమని సంఘములో ప్రకటించవచ్చు.

మూడవది వలస. ఈ ప్రాంతమునుంచి పనులకోసము విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు వెళ్ళినవారు ఎక్కువ. ఊళ్ళో ముసలి తలిదండ్రులు మిగులుతారు. జబ్బుపడిన రాత్రి వారి షుగరు చూసేవారు, మందు పేరు చదివి చెప్పేవారు ఉండరు. కొడుకు ఫోనులో కంగారుపడతాడు, తల్లి "బాగానే ఉన్నాను బాబూ" అంటుంది. ఇది వైద్యసమస్య ఎంతో సంఘసమస్య కూడా అంతే.

4. మనస్సుకు కలిగే అలసట

మధుమేహము ఉన్నవారిలో మానసిక కుంగుబాటు ఇతరులకంటె సుమారు రెండు రెట్లు ఎక్కువగా కనబడుతుందని అధ్యయనాలు తెలుపుతున్నాయి. దీనితోపాటు వైద్యులు మరొక స్థితిని కూడా గుర్తించారు. విలియం పొలాన్‌స్కీ, ఆయన సహచరులు 1995లో దానిని కొలిచే ప్రశ్నావళిని ప్రచురించారు. దానిని మనము "షుగరు వేసట" అనవచ్చు. రోజూ లెక్క చూసుకోవడము, రోజూ నోరు కట్టుకోవడము, ఇంత చేసినా రిపోర్టులో అంకె పెరిగిందంటే కలిగే నిస్పృహ, కళ్ళు పోతాయేమో కాలు తీసేస్తారేమో అనే భయము, ఇవన్నీ కలిసి మనిషిని లోలోపల అలయజేస్తాయి. దానిమీద మరొక జబ్బు వచ్చి పడితే, "ఇక నావల్ల కాదు" అని మందులే వదిలేసేవారు ఉంటారు. బయటికి అది నిర్లక్ష్యముగా కనబడుతుంది. లోపల ఉన్నది అలసట.

దీనికి మనము తరచు నింద జోడిస్తాము. "నోరు కట్టుకోలేకపోయాడు, అనుభవిస్తున్నాడు" అంటారు ఇరుగుపొరుగు. "ఏదో దాచిన పాపము ఉన్నది" అంటారు కొందరు విశ్వాసులు. టైప్ 2 మధుమేహములో వంశపారంపర్యము, వయస్సు, జీవనవిధానము కలసి పనిచేస్తాయి. ఒకే పంక్తిలో కూర్చొని ఒకే భోజనము చేసిన అన్నదమ్ములలో ఒకరికి వచ్చి మరొకరికి రాకపోవచ్చు. యోబు స్నేహితులు ఏడు దినాలు అతనితో నేలమీద మౌనముగా కూర్చున్నారు. అంతవరకు వారు మంచి పరామర్శకులే. కారణాలు చెప్పడము మొదలుపెట్టినప్పుడే వారు బాధకులయ్యారు. యోహాను 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిగూర్చి శిష్యులు అడిగిన ప్రశ్నకు ప్రభువు ఇచ్చిన సమాధానము కూడా కాపరి మరువరానిది.

కాపరి కుంగుబాటును ఎలా గుర్తించాలి? వైద్యులు మొదటి పరిశీలనకు వాడే రెండు ప్రశ్నలను కాపరి కూడా తన మాటలలో అడగవచ్చు. గడచిన రెండు వారాలలో ఇష్టమైన పనులమీద ఆసక్తి పోయిందా? మనస్సు దిగులుగా, ఆశ లేనట్లుగా ఉంటున్నదా? చాలా రోజులు అలాగే ఉన్నదని చెబితే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. బ్రదుకు వద్దనే మాట వస్తే ఆ రాత్రి వారిని ఒంటరిగా విడువరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితముగా ఫోను చేయవచ్చు.

1 రాజులు 19లో ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చొని చావు కోరుకొన్నాడు. దేవుడు మొదట అతనికి నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ప్రశ్నలు, ఆజ్ఞలు ఆ తరువాత వచ్చాయి. అలసినవానికి దేవుడు చూపిన ఈ వరుసను మన పరామర్శలో పాటించడము మంచిది.

5. ఉపవాసము, స్వస్థత ప్రార్థన, మందులు

శుక్రవారపు ఉపవాస కూటములు, శ్రమదినాల నలువది రోజుల ఉపవాసము మన సంఘాల జీవములో భాగము. అయితే ఇన్సులిన్‌గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలుగాని వాడేవారు మందు వేసుకొని ఆహారము మానితే షుగరు పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తడబడే మాట, వింత ప్రవర్తన కనబడతాయి. ప్రార్థనకూటములో ఒకరు ఇలా వణుకుతూ పడిపోతే దానిని ఆత్మసంబంధమైన అనుభవమనో, దురాత్మ అనో అనుకొనే ప్రమాదము ఉన్నది. ముందు షుగరు చూడాలి. పరీక్షించే వీలు లేకపోతే తక్కువైందనే భావించాలి. స్పృహ ఉంటే మూడు చెంచాల గ్లూకోజు లేక పంచదార నీళ్ళలో కలిపి త్రాగించి, పదిహేను నిమిషాలు ఆగి మరల చూడాలి. స్పృహ లేకపోతే నోటిలో ఏమీ పోయక, ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టి 108ని పిలవాలి.

ఈ విషయములో మన పొరుగువారినుంచి నేర్చుకొనదగినది ఉన్నది. రంజాను ఉపవాసాలగూర్చి అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య, మరొక వైద్యుల కూటమితో కలసి 2016లో మార్గదర్శకాలు వెలువరించి, 2021లో సవరించింది. ఎవరు ఉండవచ్చు, ఎవరు ఉండరాదు అని ప్రమాదమునుబట్టి విభజించి, మతపెద్దల అభిప్రాయమును కూడా జోడించింది. మన సంఘాలలో అటువంటి స్పష్టత కరవు. ఇన్సులిన్ వాడేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భవతులు, జబ్బుపడి లేచినవారు డాక్టరును అడగకుండా ఉపవాసము ఉండరాదని వేదికమీదనుంచే చెప్పాలి. కాపరి చెప్పకపోతే వారు సిగ్గుపడి దాచుకొని ఉపవాసముంటారు. యెషయా 58 ఉపవాసాన్ని ఆకలిగొన్నవానితో ఆహారము పంచుకొనడముతో ముడిపెట్టింది. ఆ ఉపవాసములో మధుమేహికి కూడా పాలు ఉన్నది.

స్వస్థత ప్రార్థన సంఘము యొక్క ధర్మము. దానిని మేము తక్కువ చేయుటలేదు. కాని "విశ్వాసముంటే మందులు పారవేయి" అనడము వాక్యానుసారము కాదు. హిజ్కియా కన్నీళ్ళతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, అయినను అంజూరపుపండ్ల ముద్ద పుండుమీద వేయించారు (2 రాజులు 20). తిమోతి కడుపుజబ్బుకు పౌలు ఆచరణయోగ్యమైన సలహానే ఇచ్చాడు (1 తిమోతి 5). త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చాడు (2 తిమోతి 4). ఎపఫ్రొదితు జబ్బుపడి చావుకు సిద్ధమైనప్పుడు అతనిని నిందింపక ఘనపరచుడని సంఘానికి వ్రాశాడు (ఫిలిప్పీ 2). మందు మార్చడము, ఆపడము డాక్టరు పని. ఇదే మేము మొదట చెప్పిన హద్దు. ప్రార్థనవలన మేలు కలిగిందని తోస్తే మరల పరీక్ష చేయించి, డాక్టరే మందు తగ్గించేవరకు ఆగడములో అవిశ్వాసము ఏమీ లేదు.

6. నొప్పి తెలియని పాదములు

షుగరు చాలాకాలము ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకొన్నా, ఎండకు కాలినా తెలియదు. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి ఈ ప్రాంతపు క్రైస్తవులకు తెలిసినదే. 2022లో ఏర్పడిన పార్వతీపురము మన్యము జిల్లాలో ఇప్పుడు సాలూరు ఉన్నది. కుష్ఠురోగుల వ్రేళ్ళు ఊడిపోవడానికి అసలు కారణము నొప్పి తెలియకపోవడమేనని, తెలియక పొందే గాయాలే అవయవాలను హరిస్తాయని వెల్లూరులో పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండ్ చూపించారు. తరువాత ఆయన అమెరికాలోని కార్‌విల్‌లో ఇదే జ్ఞానమును మధుమేహుల పాదాలకు అన్వయించారు. నొప్పి దేవుడు ఇచ్చిన కాపలా అని ఆయన బోధ.

మన ఆలయాలలో చెప్పులు బయట విడుస్తాము. ఇది భక్తికి గుర్తు. కాని మే నెల మధ్యాహ్నము కాలిన గచ్చుమీద నడిచే మధుమేహికి బొబ్బలు లేచినా తెలియకపోవచ్చు. అటువంటివారు లోపల వాడే శుభ్రమైన చెప్పులు తెచ్చుకొనడానికి సంఘము అనుమతించాలి. ప్రతి రాత్రి పాదాలు, వ్రేళ్ళ సందులు చూసుకొనమని, చూపు మందగించినవారికి ఇంట్లోవారు చూడమని చెప్పాలి. పాదాలు కడుగుట వినయమునకు గుర్తని బోధించే మనకు ఈ పని చిన్నది కాకూడదు.

7. సంఘము చేయగలిగినవి

ఇవి ఖర్చులేనివి, లేక స్వల్ప ఖర్చుతో అయ్యేవి.

(అ) మందిరములో ఒక గ్లూకోమీటరు, గ్లూకోజు పొట్లము ఉంచి, వాడడము ఇద్దరు యౌవనస్థులకు నేర్పించడము.
(ఆ) ఒంటరిగా ఉన్న మధుమేహులైన వృద్ధుల పట్టిక వ్రాసి, జబ్బుపడినప్పుడు రోజుకు రెండుసార్లు వెళ్ళి చూసే ఇంటిని ముందే నియమించడము.
(ఇ) వారి మందుల పేర్లు, డాక్టరు ఫోను నంబరు, జబ్బు దినాల క్రమము ఉన్న కాగితము ఇంట్లో అందరికీ తెలిసేచోట ఉంచేలా చూడడము.
(ఈ) ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో షుగరు, బి.పి. పరీక్షలకు వెళ్ళేవారికి తోడు వెళ్ళడము. కష్టమైన కేసులకు శ్రీకాకుళము, విజయనగరము ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి.
(ఉ) స్త్రీలను ప్రత్యేకముగా అడగడము. ఇంటిల్లిపాదికీ వడ్డించి చివరకు మిగిలినది తినే తల్లి తన జబ్బును కూడా చివరకే చెబుతుంది.

చివరగా కాపరులగూర్చి. ఇంటింటికీ తిరిగి, ప్రతి ఇంట పంచదార టీ కాదనలేక, వేళకు భోజనము లేక, రాత్రి కూటములతో నిద్ర లేక, దైవసేవకులే మధుమేహము పాలవుతున్నారు. "అయ్యగారికే జబ్బు తగ్గలేదు, మనకేమి ప్రార్థన చేస్తారు" అంటారేమోనని దాచుకొనేవారు ఉన్నారు. పౌలు తన ముల్లును కొరింథు సంఘమునకు దాచలేదు. కాపరి తన మందును వేళకు బహిరంగముగా వేసుకొంటే, దాచుకొన్న మరి పదిమంది ధైర్యము తెచ్చుకొంటారు.

ముగింపు

టైప్ 2 మధుమేహముతో దీర్ఘకాలము బ్రదకవచ్చు. సామాన్యముగా మనిషిని పడగొట్టేది సిద్ధపాటు లేకుండా వచ్చిన రెండవ జబ్బు, దానితోపాటు వచ్చే భయము, నింద, ఒంటరితనము. మందు క్రమము డాక్టరు చెబుతాడు. భయములో తోడుండడము, నిందను ఆపడము, ఒంటరితనమును తొలగించడము సంఘము చేయాలి. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మీ సంఘములో షుగరు ఉన్నవారిని కూర్చోబెట్టి, "జ్వరము వస్తే మీరు ఏమి చేస్తారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. వారి జవాబులనుబట్టి మీ పరిచర్య ఎక్కడ మొదలుకావాలో మీకే తెలుస్తుంది.